తప్పు గడిలో చదరంగం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు, మా కొట్టుకు వచ్చేవాళ్ళకు మరీ బాగా తెలుసు. నాది ఆటల అద్దెకొట్టు. చదరంగం, లూడో, కారమ్స్, పాములూ నిచ్చెనలూ, పేరు పలకడానికి నోరు తిరగని కొత్త కొత్త పెట్టెలూ గోడల నిండా పేర్చి ఉంటాయి. వారానికి తీసుకెళ్ళి ఆడుకుని తిరిగి తెచ్చిస్తారు. పావు పోగొట్టుకున్నవాళ్ళు నా ఎదుటికి రావడానికి జంకుతారు, పక్కింటి వాళ్ళతో పంపించేస్తారు.

మా చెల్లెలు అలా కాదు. బడిలో కెమిస్ట్రీ పంతులమ్మ. తను గొంతు పెంచదు, తగ్గిస్తుంది. ఎంత తగ్గిస్తే ఎదుటివాడికి అంత చెమటలు పడతాయి. ఒకరోజు పాఠం చెబుతూ చెబుతూ సుద్దముక్క జారవిడిచిందట. పిల్లలు తీసి చేతికిస్తే మళ్ళీ జారిపోయిందట. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి కుడి చెయ్యీ కుడి కాలూ చచ్చుబడ్డాయి. మాట కూడా పోయింది. పోగా పోగా ఒక్క మాట మిగిలింది, ‘అదే’. ఆకలేసినా అదే, నొప్పి పుట్టినా అదే, కిటికీ మూయమన్నా అదే, నన్ను తిట్టాలన్నా అదే. తిట్టు మాత్రం నాకు ఇట్టే తెలిసిపోయేది, చిన్నప్పటి నుంచీ అలవాటైన వ్యవహారం కదా.

మా మరిది, అంటే చెల్లెలి భర్త, పాఠ్యపుస్తకాలు అచ్చేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. తప్పులు పట్టడమే ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ ఉద్యోగం మానడు. పెళ్ళైన కొత్తలో మా కొట్టు బోర్డు చూసి ఒక ఒత్తు తగ్గిందన్నాడు. ఆ ఒత్తు నేను ఇప్పటికీ పెట్టించలేదు, ఆయన చెప్పాడు కాబట్టే. మా ఇద్దరికీ మొదటి నుంచీ ఉప్పూ నిప్పే.

అయినా ఉన్నమాట చెప్పుకోవాలి. పొద్దున్నే లేచి ఆమెకు నీళ్ళు పోసి, బట్టలు మార్చి, ముద్దముద్దగా తినిపించి, చక్రాల కుర్చీలో మా కొట్టు దాకా తోసుకొచ్చి దింపి అప్పుడు ప్రెస్సుకు పరుగెత్తేవాడు. సాయంత్రం వచ్చి తీసుకెళ్ళేవాడు. రాత్రిళ్ళు నిద్ర ఉండదని ఆయన కళ్ళ కింద నలుపే చెప్పేది. మనిషి సగమైపోయాడు.

ఒక గురువారం సాయంత్రం వచ్చి, కుర్చీ దగ్గరికి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. ఊరి చివర ఇలాంటి రోగుల్ని చూసుకునే చోటు ఒకటుందట, అక్కడ ఒక మంచం ఖాళీ అయిందట, సోమవారం తీసుకొస్తామని మాటిచ్చాడట. నేను ఊరుకుంటానా? కడిగేశాను. ఆరోగ్యంగా ఉన్నన్నాళ్ళూ పెళ్ళాం, పడిపోతే పెట్టె సర్దెయ్యడమా అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన ఎదురు తిరిగుంటే నాకు బాగుండేది. తల వంచుకుని విన్నాడు.

“వదినా, మనిషి వెళ్ళిపోయింది. నేను తోసుకు తిరిగేది కుర్చీనే” అన్నాడు.

డాక్టరు కూడా ఆ మాటే అన్నాడట, మెదడుకు ఇంత పెద్ద దెబ్బ తగిలాక లోపల ఏం మిగిలిందో చెప్పలేమని. నేను నోరు తెరిచేలోపే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“లోపల తనుందని ఒక్క గుర్తు చూపించు. ఒక్కటి చాలు. నా ఊపిరున్నంత కాలం నేనే చూసుకుంటా.”

మర్నాడు కొట్టు తెరవగానే గుర్తుల వేటలో పడ్డాను. నా చెయ్యి నొక్కమన్నాను. అవునంటే ఒకసారి, కాదంటే రెండుసార్లు కళ్ళు ఆర్పమన్నాను. నా వేళ్ళు ఎన్నో చెప్పమన్నాను. అన్నిటికీ అదే. పైగా ఎక్కాలు రాని పిల్లను చూసినట్టు నన్ను చూసింది. నాకు తిక్క రేగింది. ఉన్న సంగతంతా అరిచి చెప్పేశాను. సోమవారం నిన్ను అక్కడ దింపేసి వచ్చేస్తాడు, లోపల ఉంటే బయటికి రావే, నీకు దణ్ణం పెడతాను అన్నాను. చెప్పాక నాకే ఏడుపొచ్చింది, కౌంటరు వెనక్కి వెళ్ళి ముక్కు చీదుకున్నాను.

చెల్లెలు చాలాసేపు గోడల మీది పెట్టెలను చూస్తూ కూర్చుంది. తర్వాత ఎడం చేత్తో తన ఊతకర్ర అందుకుని ఒక చిన్న పెట్టెను చూపించింది. అది అడ్డం నిలువు గీతల పలక, సున్నాలూ ఇంటూలూ పెట్టి ఆడేది. మా కొట్టు మొత్తంలో దానికన్నా చిన్న ఆట లేదు. తీసి ఒళ్ళో పెట్టబోతే కర్రతో తోసేసి నేల మీద ఒక చోటు చూపించింది, లోపలి గోడ వారన ఎడమ మూల. పెట్టాను. తర్వాత గోలీల పలక చూపించింది. ఒక గోలీని ఇంకో గోలీ మీంచి దూకిస్తూ చివరికి ఒక్కదాన్నే మిగల్చాలి, అదీ ఆట. దాన్ని తీసుకెళ్ళి మొదటి పెట్టె పక్కన పెట్టాను. కర్ర నా మడమ మీద పడింది. అటు కాదు, కొట్టు ఆ చివర, కుడి మూల. మధ్యలో ఇంత ఖాళీ ఎందుకే అంటే, అదే అంది.

సరే, ఉండేది ఇంకెంత కాలం, ఆడుకోనీ అనుకుని ‘కొట్టు మూసి ఉంది’ అన్న అట్టముక్క తలుపుకు తగిలించాను. ఆదివారం దాకా చెల్లెల్ని మా ఇంట్లోనే ఉంచుకుంటానని మరిదికి కబురంపాను. అక్కడి నుంచి నాకు కూలిపనే. పైనుంచి దించు, అక్కడ పెట్టు, కాదు ఇక్కడ పెట్టు. రెండో వరసలో ఎడమ పక్క రెండు పెట్టెలు పెట్టించి, మధ్యలో బోలెడు ఖాళీ వదిలేసి, కుడి పక్కన ఆరు పెట్టించింది. మూడో వరసా అంతే. నాకసలే చిందరవందరగా ఉంటే చెయ్యి ఊరుకోదు. తను కునుకు తీస్తుంటే ఎడమ పెట్టెల్ని కుడివాటి దగ్గరికి జరిపి చక్కగా సర్దాను. లేచి చూసి పెట్టిన కేక ఎదురింటి వాళ్ళకు వినపడింది. మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేదాకా ఊరుకోలేదు.

నాలుగో వరస, ఐదో వరస పొడుగ్గా సాగాయి. అక్కడక్కడా గళ్ళు ఖాళీగానే వదిలేసింది. ఐదో వరసలో ఒక చోట ఏ పెట్టె తెచ్చినా ఒప్పుకోలేదు. చివరికి బీరువా మీద దుమ్ము కొట్టుకుపోయిన అట్టముక్క చూపించింది. అది నేను చిన్నప్పుడు స్కేలు పెట్టి గీసి, రంగులేసి సొంతంగా తయారుచేసిన ఆట, తనూ నేనూ తప్ప ఇంకెవరూ ఆడలేదు. పిచ్చిది చిన్నతనంలోకి వెళ్ళిపోయింది, మరిది అన్నదే నిజమేమో అనిపించింది. ఆ మాట పైకి అనకుండా అట్టముక్క తుడిచి చూపించిన చోటే పెట్టాను.

ఆదివారం సాయంత్రం ఆయన ముందుగానే వచ్చాడు. చేతిలో బట్టల సంచీ ఉంది, మర్నాటి ప్రయాణానికి సర్దిన ఆమె బట్టలే. మా కొట్టు వీధికన్నా పల్లం, గుమ్మం దగ్గర మెట్లు దిగి రావాలి. ఆయన పై మెట్టు మీదే ఆగిపోయాడు. నేను నేలంతా ఆగం చేసినందుకు ఏదో తప్పు పడతాడని ముందే మాటలు నూరుకుంటున్నాను.

“నువ్వే పేర్చావా ఇదంతా?” అన్నాడు.

నేను పేర్చడమేంటి, నా నడుం విరగ్గొట్టి నీ పెళ్ళామే పేర్పించింది, కర్ర తనది కాళ్ళు నావి అన్నాను. ఆయన నా మాట విన్నట్టు లేడు.

“వదినా, ఒకసారి ఇలా పైకి రా. వచ్చి ఇక్కణ్ణుంచి చూడు” అన్నాడు.

వెళ్ళి పక్కన నిలబడి చూశాను. కింద ఉన్నప్పుడు నాకు పెట్టెలే కనిపించాయి. పైనుంచి చూస్తే ఒక ఆకారం ఉంది. ఎడమ చివర ఒక కొమ్ము, కుడి చివర ఒక కొమ్ము, మధ్యలో పెద్ద పల్లం, కింద నిండుగా సాగిన వరసలు. దాన్ని నేనెక్కడో చూశాను. చెల్లెలి క్లాసులో, నల్లబల్ల పక్కన గోడకు.

అది ఆవర్తన పట్టిక అని ఆయనే చెప్పాడు. లోకంలో ఉన్న మూలకాలన్నిటినీ, ఒకే గుణమున్నవి ఒకదాని కింద ఒకటి వచ్చేలా గళ్ళలో పేర్చిన పట్టిక. ఏటా కొత్త పుస్తకం అచ్చుకు వచ్చినప్పుడల్లా ఆయన దాన్ని గడిగడీ సరిచూస్తాడు. అక్షరం లేకపోయినా ఆకారం చూసి గుర్తుపడతానన్నాడు. అంటూనే, మనిషి ఎలాంటివాడో చూడండి, వెంటనే అనుమానం కూడా పెట్టుకున్నాడు. ఏళ్ళ తరబడి చూసిన ఆకారం కదా, బుద్ధి లేకపోయినా అలవాటు కొద్దీ చెయ్యి గీసుండొచ్చు, ఏ పెట్టె దొరికితే అది పెట్టించి ఉండొచ్చు అన్నాడు. అయితే దిగి పెట్టెలు చూడు, నీకొచ్చిన పని అదే కదా అన్నాను.

దిగాడు. సంచీ మెట్టు మీదే వదిలేశాడు. మొదటి గడి దగ్గర గొంతుక్కూర్చుని, హైడ్రోజన్, అన్నిటికన్నా చిన్నది, అన్నిటికన్నా ముందు పుట్టింది అన్నాడు. అక్కడున్నది నా కొట్టులోకెల్లా చిన్న పలక. దాని కింద వరసగా బిజినెస్ ఆట, యుద్ధం ఆట, దొంగా పోలీసు ఆట ఉన్నాయి. ఆ గళ్ళలో ఉండాల్సినవి లిథియం, సోడియం, పొటాషియమట. నీటి చుక్క తగిలితే చాలు రచ్చ చేస్తాయట. నేను నోరు వెళ్ళబెట్టాను. ఈ మూడు ఆటలూ ఏ ఇంటికి వెళ్ళినా చిరిగే తిరిగొస్తాయి, బోర్డు ఎత్తి విసిరెయ్యని కుటుంబం లేదు. ఆ సంగతి మరిదికి తెలీదు. నేను చెప్పాను. ఆయన తలెత్తి మొదటిసారి పెళ్ళాం వైపు చూశాడు.

అక్కడి నుంచి ఆయన మూలకం పేరు చెప్పడం, నేను ఆట గుణం చెప్పడం. బోరాన్ అన్నాడు. అక్కడ పిల్లల కారమ్ బోర్డు ఉంది. బోర్డు మీద చల్లే పొడి బోరిక్ పౌడరే కదయ్యా అని నేను అరిచాను. పక్కది కార్బన్, నలుగురితో చేతులు కలిపేది. అక్కడ లూడో, నాలుగు రంగులు, నాలుగు ఇళ్ళు. ఆక్సిజన్ గడిలో పాములూ నిచ్చెనలూ ఉంది. ఇది తీసుకెళ్ళని ఇల్లుందా అని అడిగాడు, లేదన్నాను. దాని పక్కన ఫ్లోరిన్, పక్కవాడి దగ్గర ఏముంటే అది లాక్కునే రకమట. అక్కడున్నది నలుపూ తెలుపూ బిళ్ళల ఆట. ఎదుటివాడి బిళ్ళల్ని మన రంగులోకి తిప్పేసుకోవడమే దాంట్లో పని.

ఐదో వరస మధ్యలో నా అట్టముక్క దగ్గరికొచ్చి, ఇదేంటి అన్నాడు. సిగ్గుపడుతూ చెప్పాను, కొన్నది కాదు, నేనే చేశానని. ఆయన వేళ్ళతో గళ్ళు లెక్కపెట్టాడు. ఆ గడిలోది టెక్నీషియమట. భూమి మీద వెతికి వెతికి దొరక్క, చివరికి మనిషి తన చేత్తో తయారుచేసుకున్న మొదటి మూలకం అదేనట.

ఇన్నేళ్ళూ నా కొట్టు నాకు తెలుసనుకున్నాను. ఈ గోడల మీద అట్టపెట్టెలు ఉన్నాయనుకున్నాను కానీ, మండేవీ కలిసేవీ లాక్కునేవీ ఊపిరి పోసేవీ ఉన్నాయని ఎన్నడూ అనుకోలేదు. ఒక్క మాట మిగిలిన మనిషి, కదలని చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఈ ప్రపంచం దేంతో తయారైందో మొత్తం తెచ్చి నా కొట్టు నేల మీద పరిచింది. నేను మోసుకుంటూ విసుక్కున్నాను. చెల్లెలి మొహం చూడటానికి నాకు భయం వేసింది, అంత గౌరవం పుట్టుకొచ్చింది.

కుడి అంచు వరస ఒక్కటే మిగిలింది. అవి జడవాయువులట, ఎవరితోనూ కలవవట. ఆయన వేలు పైనుంచి కిందికి దిగింది. హీలియం దగ్గర గోలీల పలక. నియాన్ దగ్గర ముక్కలు అతికించే బొమ్మ. ఆర్గాన్ దగ్గర అంకెలు జరిపే పలక. క్రిప్టాన్ దగ్గర ఇనపగుండును దారుల్లో దొర్లించే పెట్టె. అన్నీ ఒక్కరే కూర్చుని ఆడుకునేవి, ఎదుట మనిషి అక్కర్లేదు. ఐదోదాని దగ్గర వేలు ఆగింది.

అక్కడ చదరంగం ఉంది.

“ఇక్కడ తప్పు” అన్నాడు. ప్రూఫులో అక్షరం ఎగిరిపోతే ఎలా అంటాడో అలాగే అన్నాడు. ఇది జినాన్ గడి, ఇదీ జడవాయువే, చదరంగానికి ఇద్దరు కావాలి. అంటుండగానే ఆయన మొహంలో వెలుగు తగ్గిపోవడం చూశాను. మిగతావి కూడా మనమే అతికించుకుంటున్నామేమో వదినా, ఆశ కొద్దీ అన్నాడు.

నోటికొచ్చిన అబద్ధం ఆడేశాను. ఆ పెట్టె తను చూపించింది కాదు, నేనే కన్ఫ్యూజై పెట్టాను అంటూ చదరంగం తీసెయ్యబోయాను. కర్ర నా చేతి మీద ఠక్కున పడింది. మళ్ళీ తియ్యబోతే మళ్ళీ పడింది. చెల్లెలు ఆ పెట్టెను కర్రతో కొట్టి, తర్వాత మొగుడి వైపు చూపించింది. పెట్టె, మొగుడు. పెట్టె, మొగుడు. కళ్ళు ఆయన మీంచి తిప్పలేదు.

ఆయన అక్కడే నేల మీద కూలబడ్డాడు.

“జడ” అన్నాడు. “వదినా, ఆ మాట నేనే అన్నాను. డాక్టరుతో. జడంగా పడుంటోంది, దేంతోనూ కలవట్లేదు అన్నాను. తను పక్కనే ఉంది.”

తర్వాత ఆయన చెప్పిన కథ నేను ఎన్నడూ విననిది. పెళ్ళికి ముందు, ఆమె పుస్తకం కోసం రాసిన పాఠం దిద్దడానికి ఈయన బల్ల మీదికి వచ్చిందట. అందులో ఎక్కడా జడవాయువులు అన్న మాట లేదు, ఉత్కృష్ట వాయువులు అని రాసిందట. పాత పుస్తకంలో అలా లేదని ఈయన కొట్టేసి జడ అని దిద్దాడు. మర్నాడు ఆమె ప్రెస్సుకే వచ్చి ఈయన బల్ల ముందు నిలబడింది, గొంతు బాగా తగ్గించి అడిగింది. వీటికి జడత్వం అంటగట్టడానికి మీరెవరు అంది. ఇవి దేంతోనూ కలవవని లోకమంతా నమ్మింది, పుస్తకాల్లో రాసుకుంది, ఒకరోజు జినాన్ కలిసింది అంది. అప్పటిదాకా దానికి సరైన తోడు దొరకలేదు, అంతే తేడా అంది. ఈయన ఆ దిద్దుబాటు వెనక్కి తీసుకున్నాడు. ఆ ఏడాదే పెళ్ళి చేసుకున్నారు.

“తప్పు కాదిది. నాకు దిద్ది పంపింది” అన్నాడు.

లోపల ఉందా లేదా అని మేం తలుపులు కొడుతూ ఉంటే, తను లోపలే కూర్చుని అంతా వింది. మా మాటలు గుర్తుపెట్టుకుంది, ఎక్కడ తప్పన్నామో పట్టుకుంది, దానికి జవాబు వెతికి మేం చదవగలిగిన చోట పెట్టింది. అంత ఓపిక మనిషికి ఎక్కడిదో నాకు తెలీదు.

ఆయన మోకాళ్ళ మీద నడుచుకుంటూ కుర్చీ దగ్గరికి వెళ్ళాడు. ఇన్ని నెలలూ ఆయన ఆమె గురించి నాతో మాట్లాడాడు, డాక్టరుతో మాట్లాడాడు, ఊరి చివర వాళ్ళతో మాట్లాడాడు. ఆమెను ఒక్క ముక్క అడగలేదు. అది ఆయనకూ అప్పుడే తట్టినట్టుంది.

“పంతులమ్మా, నిన్నే అడుగుతున్నా. నిన్నక్కడికి పంపమంటావా?”

చెల్లెలు కర్ర పక్కన పడేసింది. ఎడం చెయ్యి చాచి, హోంవర్కు తేని పిల్లాడి చెవి పట్టినట్టు ఆయన చెవి పట్టుకుని మెలేసింది. గట్టిగానే మెలేసింది, ఆయన కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. వచ్చినవి ఆగలేదు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో ఆయనకే తెలీలేదు.

జేబులోంచి ఫోను తీసి, నువ్వు చెప్పెయ్ వదినా అని నాకివ్వబోయాడు. నేను తీసుకోలేదు. చెప్పాల్సింది ఆయనే. ముక్కు ఎగబీల్చుకుంటూ నంబరు కలిపి, రేపు మేం రావట్లేదని, ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చెయ్యమని అన్నాడు. ఎందుకని అవతలివాళ్ళు అడిగినట్టున్నారు.

“మా ఆవిడ పాఠం చెబుతోంది, మధ్యలో లేవకూడదు” అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు కూడా చెవి ఆమె చేతిలోనే ఉంది.